పాత ఇనుముతో కొత్త పని: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒకే సంగతి చుట్టూ తిరిగాయి. సెలవు రోజున షెడ్డులో చేరి, తుక్కులోంచి ఏరిన ముక్కలతో పనికొచ్చే వస్తువు తయారు చేయడం. నాకు ఇంతకంటే ఇష్టమైన విషయం లేదు కాబట్టి మిగతా ప్రశ్నలను వచ్చే సంచికకు వాయిదా వేశాను. రెండు మూడు ఉత్తరాలు చదివి భయపడ్డాను కూడా. వాటికి రాసిన జవాబు కటువుగా తోస్తే, ఆ భయమే కారణమని అర్థం చేసుకోండి.

ప్రశ్న: ఇంటి వెనక చిన్న షెడ్డు ఉంది. వెల్డింగ్ మిషను, గ్రైండరు కొన్నాను. ఇనుప ముక్కలు కూడా కొన్ని పోగయ్యాయి. ఆదివారాలు మాత్రమే ఖాళీ. మొదట ఏం చేయమంటారు?
— ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: బల్ల చేయండి. మిగతావన్నీ దాని తర్వాతే. నేల మీద కూర్చుని, ముక్కల్ని ఇటుకలకు ఆనించి వెల్డింగ్ చేసినంతకాలం ఏ వస్తువూ సూటిగా రాదు. నేల ఎక్కడా సమంగా ఉండదు, ఆ వంకరంతా మీ పనిలోకి ఎక్కుతుంది.

పై పలక మందం 6 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూడండి. అంత పెద్ద పలక దొరక్కపోతే చానెల్ (మూడు పక్కలతో గాడిలా ఉండే ఇనుప కమ్మీ) ముక్కల్ని బోర్లించి, మధ్యలో రెండు వేళ్ల సందు వదులుతూ పేర్చండి. నిజానికి నాకు ఆ పద్ధతే ఎక్కువ ఇష్టం. ముక్కను బల్లకు బిగించి పట్టే క్లాంపు ఎక్కడ కావాలంటే అక్కడ దూరుతుంది. పలక అంచు కాళ్లకంటే నాలుగు వేళ్లు బయటికి ఉండాలి, అదీ క్లాంపు పట్టడానికే. ప్రతి కాలి అడుగున ఒక పెద్ద నట్టు వెల్డింగ్ చేసి, తల నేలకు ఆనేలా అందులోకి బోల్టు ఎక్కించండి. నేల ఎగుడుదిగుడుగా ఉన్నా బోల్టులు తిప్పి, రసమట్టం చూసుకుంటూ బల్లను మట్టానికి తేవచ్చు. ఎత్తు ఎంత అంటే, బల్ల మీద బిగించిన వైస్ (ముక్కను దవడల మధ్య గట్టిగా పట్టే సాధనం) పై అంచు మీ మోచేతికి సరిపోవాలి. అప్పుడు ఆకురాయి పట్టిన చెయ్యి పైకీ కిందికీ ఊగకుండా నేలకు సమాంతరంగా నడుస్తుంది.

బల్ల అయ్యాక గ్రైండరు తగిలించే స్టాండు, వెల్డింగ్ రాడ్లు తడవకుండా దాచే పెట్టె, పొడుగు పైపు కోసేటప్పుడు రెండో కొసను ఆపే ఆసరా, ఇలా పనికి పనికొచ్చేవే చేస్తూ పొండి. ఒక్క మాట మాత్రం గట్టిగా చెబుతాను. మొదటి ఏడాది మనిషి బరువు మోసే వస్తువు జోలికి పోకండి. నిచ్చెన, ఊయల, కారు కింద పెట్టే స్టాండు, ఇవేవీ వద్దు. మీ వెల్డింగ్ పైకి ఎలా కనిపిస్తోందో మీకు తెలుసు, లోపల ఎంత పట్టిందో తెలియడానికి ఇంకా సమయం పడుతుంది. అది తెలుసుకోవడానికి ప్రతి ఆదివారం ఒక పనికిరాని ముక్కను వెల్డింగ్ చేసి, వైస్‌లో బిగించి, సుత్తితో విరిగేదాకా కొట్టండి. విరిగిన చోట చూపు పెట్టండి. రెండు ముక్కల అంచూ కరిగి కలిసిపోయి ఉంటే పట్టినట్టు. ఒక ముక్క అంచు కోసినప్పటి గీతలతో అలాగే మెరుస్తుంటే, లోహం దాని మీద కూర్చుందే తప్ప అతకలేదు.

ప్రశ్న: తుక్కు కుప్పలో అన్నీ తుప్పుపట్టి ఒకేలా కనిపిస్తాయి. ఏ ముక్క ఏ లోహమో తెలుసుకునే మార్గం ఏమైనా ఉందా?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: ముక్కను చేతిలోకి తీసుకోగానే మొదట వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటుంది. ఇది ఇంతకు ముందు ఏ పని చేసింది? పాత ఇనుముతో పని చేసేవాళ్లకు ఇంతకు మించిన పరీక్ష లేదని నా నమ్మకం. వంగి మళ్లీ యథాస్థితికి రావడమే దాని పని అయితే, అంటే లారీ కింద ఉండే కమాన్ పట్టీ, చుట్ట స్ప్రింగు లాంటిదైతే, అందులో కర్బనం ఎక్కువ. ఇంకో లోహాన్ని అరగదీసే ఆకురాయిలో ఇంకా ఎక్కువ. కిటికీ చట్రం, గేటు, అలమార లాంటివి సాధారణంగా మెత్తని ఇనుముతోనే చేస్తారు. బరువుగా, గరుకు ఒంటితో ఉండే మిషను దిమ్మలు, పాత పుల్లీలు, బ్రేకు డ్రమ్ములు ఎక్కువగా పోత ఇనుము. అన్నట్టు, పాత బ్రేకు భాగాల్లోని ధూళిని ఊదకండి, బ్రష్షుతో దులపకండి. పూర్వం బ్రేకు లైనింగుల్లో ఆస్బెస్టాస్ వాడేవారు, దాని ధూళి ఊపిరితిత్తులకు హాని. తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను సంచిలో కట్టి పారేయండి.

రెండో పరీక్ష నిప్పురవ్వలది. ముక్కను గ్రైండరు రాయికి అలా తాకించి, ఎగిరే రవ్వల్ని చూడండి. వెనక చీకటి గోడ ఉండాలి, ఎండలో ఏమీ తెలియదు. మెత్తని ఇనుము రవ్వలు గడ్డి పసుపు రంగులో పొడుగ్గా, తిన్నగా పోతాయి. చివర ఒకటీ అరా చీలుతాయి. కమాన్ పట్టీ రవ్వలు అంత దూరం పోకుండానే చీలి, చీలిన కొమ్మ మళ్లీ చీలి, కాకరపువ్వొత్తిలా పూస్తాయి. కర్బనం పెరిగేకొద్దీ ఆ పూత రాయికి దగ్గరవుతుంది. పోత ఇనుము రవ్వలు పొట్టిగా, రాయి దగ్గర మసక ఎరుపులో ఉంటాయి. స్టెయిన్‌లెస్ స్టీలువి నారింజ రంగు, చీలికలు తక్కువ. అల్యూమినియం, రాగి, ఇత్తడి రవ్వలే ఇవ్వవు. వాటిని రాయికి పట్టవద్దు, ఆ మెత్తని లోహం రాయి సందుల్లో ఇరుక్కుని రాయిని పాడుచేస్తుంది.

జ్ఞాపకాన్ని నమ్ముకోకండి. కొత్త కడ్డీ ముక్క ఒకటి, అరిగిన ఆకురాయి ముక్క ఒకటి, పోత ఇనుము పెంకు ఒకటి తీగకు గుచ్చి గ్రైండరు పక్కనే వేలాడదీయండి. అనుమానం వచ్చినప్పుడు మీ ముక్కనూ వాటినీ ఒకదాని తర్వాత ఒకటి పట్టి చూడండి. పక్కపక్కన చూసిన కన్ను పొరపాటు పడదు.

ఇంత శ్రమ ఎందుకంటే, కర్బనం ఎక్కువున్న ఉక్కును మామూలుగా వెల్డింగ్ చేస్తే అతుకు పక్కనున్న భాగం ఒక్కసారిగా చల్లబడి గాజులా పెళుసెక్కుతుంది. చల్లారుతుండగానే టింగుమని పగిలిన శబ్దం వినిపించవచ్చు. వినిపించని పగులు ఇంకా ప్రమాదం. అందుకే కమాన్ పట్టీని వీలైతే బోల్టులతో బిగించండి. రంధ్రం పడకపోతే ఎర్రగా కాల్చి మెత్తబరచాలి. కాలిన ముక్కకు అయస్కాంతం చూపండి. అంటుకోవడం మానేసిందంటే వేడి 770 డిగ్రీలు దాటినట్టు. ఇంకొంచెం కాల్చి, పొడి బూడిదలో పూడ్చి, రాత్రంతా వదిలేయండి. మర్నాడు డ్రిల్లుకు లొంగుతుంది.

ప్రశ్న: పాత జి.ఐ. పైపులతో స్టాండు వెల్డింగ్ చేశాను. ఆ రాత్రి వణుకుతో జ్వరం వచ్చింది, రెండో రోజుకు తగ్గిపోయింది. ఆ పనికీ దీనికీ సంబంధం ఉందా?
— ఒక పాఠకుడు

జవాబు: చాలావరకు ఉంది. జి.ఐ. పైపు మీద ఉన్నది జింకు పూత. జింకు 420 డిగ్రీల దగ్గర కరిగి, 907 డిగ్రీల దగ్గర ఆవిరైపోతుంది. ఇనుము కరగడానికి 1,500 డిగ్రీల దాకా కావాలి. అంటే మీరు అతుకు వేసేలోపే పూత పొగగా లేచింది. ఆ తెల్లటి పొగ, దూదిలా తేలి బట్టల మీద వాలే తెల్లని పొర, అదంతా జింకు ఆక్సైడు. పీల్చిన కొన్ని గంటలకు చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు, నోట్లో లోహపు రుచి వస్తాయి. సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. తగ్గింది కదా అని మళ్లీ చేయకండి. పాలు తాగితే విరుగుడు అని చాలామంది వెల్డర్లు నమ్ముతారు కానీ, పాలు కడుపులోకి పోతాయి, పొగ ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

అతుకు పడే చోట రెండు వైపులా కనీసం రెండు అంగుళాల మేర పూతను, దుమ్ముకు తగిన మాస్కు పెట్టుకుని, గ్రైండరుతో తీసేయండి. పైపు లోపలి వైపు కూడా పూత ఉంటుందని మరవకండి. పని ఆరుబయట, గాలి పక్కనుంచి వీచే చోట పెట్టుకోండి.

పాత బోల్టులు కొన్నింటికి కాడ్మియం పూత ఉంటుంది. దాని పొగ మొదట ఇదే జ్వరంలా మొదలై ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ప్రాణం తీయగలదు. చూసి ఏ పూతో పోల్చుకోవడం కష్టం కాబట్టి, మెరిసే పూత ఉన్న ఏ బోల్టునూ కాల్చకండి. ఊపిరి ఆడకపోవడం, దగ్గు పెరగడం ఉంటే వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లి, ఏ పని చేశారో చెప్పండి. ఇంకొకటి, వెల్డింగ్‌కు ముందు గ్రీజు తుడవడానికి బ్రేకు క్లీనరు స్ప్రే వాడేవాళ్లున్నారు. వాటిలో క్లోరిన్ కలిసిన ద్రావకాలు ఉండే రకాలున్నాయి. వెల్డింగ్ వేడికీ వెలుగుకూ అవి ఫాస్జీన్ అనే విషవాయువుగా మారతాయి. సబ్బు నీళ్లతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి, చాలు.

ప్రశ్న: పాత ఫ్రిజ్ కంప్రెసరు, ఖాళీ గ్యాస్ సిలిండరు ఉన్నాయి. రెండూ కలిపి రంగు కొట్టే ఎయిర్ కంప్రెసరు చేయాలని ఉంది. సిలిండరుకు రెండు పైపు ముక్కలు వెల్డింగ్ చేస్తే సరిపోతుందా?
— ఒక పాఠకుడు

జవాబు: వద్దు. దయచేసి వద్దు.

లెక్క చూపిస్తాను. 30 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న సిలిండరులో 8 బార్ల ఒత్తిడితో (మామూలు గాలి ఒత్తిడికి సుమారు ఎనిమిది రెట్లు) గాలి నింపారనుకోండి. దాని మూతి వైపు గోపురం మీద పడే తోపుడు దాదాపు 5,700 కిలోల బరువుకు సమానం. మీ వెల్డింగ్ ఆ బరువును ఒక్కసారి మోస్తే చాలదు, నింపినప్పుడల్లా మోయాలి. పైగా కంప్రెసరు గాలిలో తేమ ఉంటుంది. అది నీరై అడుగున చేరి లోపలి నుంచి రేకును తినేస్తుంది. బయట రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది. నీళ్లు నింపిన పాత్ర పగిలితే చీలి నీళ్లు కారతాయి. గాలి నింపినది పగిలితే ముక్కలై ఎగురుతుంది. పరీక్షలు చేసి, సేఫ్టీ వాల్వుతో అమ్మే ట్యాంకు కొనుక్కోండి. ఈ వ్యాపకంలో డబ్బు పెట్టి కొని తీరాల్సినవి కొన్ని ఉన్నాయి, ఇది వాటిలో ముందు వరుసలో ఉంటుంది.

ఫ్రిజ్ కంప్రెసరు సంగతి కూడా చూడండి. ఇటీవలి ఫ్రిజ్‌లలో చాలావాటిలో ఉండేది ఐసోబ్యూటేన్, అది మండే వాయువు. గ్యాస్ తీయించకుండా గొట్టాన్ని మంటతో కోయకూడదు.

ఇదే కోవలో ఇంకో ఉత్తరం వచ్చింది, డీజిల్ డ్రమ్మును పొయ్యిగా మార్చాలని. ఖాళీ డ్రమ్ములో నూనె ఉండదు కానీ ఆవిరి ఉంటుంది. నిండు డ్రమ్ముకంటే అదే ప్రమాదం. ఏళ్ల తరబడి మూత తీసి ఉంచినా అతుకుల మడతల్లో మిగిలిన జిడ్డు వేడికి ఆవిరై అంటుకుంటుంది. డ్రమ్ము కావాలనుకుంటే, ఇంధనం గానీ రసాయనం గానీ ఎన్నడూ చూడనిది తెచ్చుకోండి. దాని పూర్వచరిత్ర తెలియకపోతే వదిలేయండి.

ప్రశ్న: మైక్రోవేవ్ ఓవెన్ ట్రాన్స్‌ఫార్మరుతో చెక్క మీద మెరుపుల్లాంటి గీతలు కాల్చవచ్చట కదా?
— ఒక విద్యార్థిని

జవాబు: ఆ పని చేస్తూ చాలామంది చనిపోయారమ్మా. ఆ ట్రాన్స్‌ఫార్మరు ఇచ్చేది సుమారు 2,000 వోల్టులు, మనిషిని చంపడానికి చాలినంత కరెంటుతో. ప్లగ్గు తీసేసినా దాని పక్కనున్న కెపాసిటరులో కరెంటు నిలిచి ఉండవచ్చు. ఓవెన్ విప్పే పని తెలిసినవాళ్లకు అప్పగించి, పళ్లెం తిప్పే చిన్న మోటారు, ఫ్యాను, మీట స్విచ్చులు, పై రేకు అడిగి తీసుకో. నెమ్మదిగా తిరిగే ఆ మోటారుతో రంగు ఆరబెట్టే తిరుగుడు బల్ల చక్కగా కుదురుతుంది. చెక్క మీద గీతలు కావాలంటే వేడి మొన ఉన్న కాల్చే పెన్నులు దొరుకుతాయి, చేతి పనితనం కూడా వాటిలోనే కనిపిస్తుంది.

ప్రశ్న: ఒక అంగుళం స్క్వేర్ పైపుతో నాలుగు పలకల ఫ్రేము చేశాను. మూలమట్టం పెట్టి కొలిచే అతికాను. అయినా చల్లారాక మెలితిరిగింది. కారణం ఏమిటి?
— ఒక పాఠకుడు

జవాబు: మీ కొలత తప్పు కాదు. కరిగిన లోహం గడ్డకట్టి చల్లారుతూ కుంచించుకుపోతుంది, కుంచించుకుంటూ తన వైపుకు లాగుతుంది. ఉక్కు మీటరు పొడవుకు 100 డిగ్రీల వేడికి సుమారు 1.2 మిల్లీమీటర్లు సాగుతుంది. అతుకు దగ్గర వేడి వందల డిగ్రీలు, అర అడుగు దూరంలో చెయ్యి పెట్టగలిగినంతే. ఈ తేడాయే ఫ్రేమును తిప్పేస్తుంది. వెల్డింగ్ ఏ వైపు వేస్తే పైపు ఆ వైపుకే ముడుచుకుంటుంది. ఈ ఒక్క సంగతి మనసుకు పడితే మిగతా పద్ధతులన్నీ మీరే కనిపెట్టగలరు.

నాలుగు మూలలూ ముందు చిన్న టాకాలతోనే, అంటే చుక్కల్లాంటి అతుకులతోనే పట్టించండి. ఒక మూల మొత్తం అతికేసి రెండో మూలకు పోవడమే చాలామంది చేసేది, మెలికకు మూలం అదే. టాకాలు వేశాక రెండు కర్ణాలూ కొలవండి. టేపు ఒక మూల నుంచి ఎదురు మూలకు, తర్వాత రెండో జత. రెండూ సమానమైతేనే చతురస్రం సరిగ్గా ఉన్నట్టు. మూలమట్టం పొట్టిది, పెద్ద ఫ్రేములో చిన్న తేడాను అది పట్టలేదు. ఒక్క మూలను మాత్రమే సరిచూడాలంటే ఒక వైపు 300, రెండో వైపు 400 మిల్లీమీటర్ల దగ్గర గీత పెట్టండి. గీతల మధ్య దూరం సరిగ్గా 500 రావాలి. తేడా ఉంటే పొడుగు కర్ణం వైపు మూల మీద చెక్క సుత్తితో తట్టండి, టాకా అంతవరకు వంగి ఇస్తుంది.

అప్పుడు ఫ్రేమును బల్లకు క్లాంపులతో బిగించి, ఒక మూల మీద ఒక వైపు వేసి, ఎదురు మూలకు పోయి అక్కడ ఒక వైపు వేసి, ఇలా తిరుగుతూ పూర్తి చేయండి. చెయ్యి పెట్టగలిగినంత చల్లారేదాకా క్లాంపులు విప్పకండి. పైపు గోడ పలచన కాబట్టి 2.5 మిల్లీమీటర్ల రాడ్డుతో 60, 70 ఆంపియర్లు సరిపోతాయి. ముక్కల మధ్య సందు ఎంత ఎక్కువైతే అంత లోహం నింపాలి, నింపిన లోహం ఎంత ఎక్కువైతే లాగుడు అంత ఎక్కువ. అందుకే వెల్డింగ్ బాగుండాలంటే కోత బాగుండాలి. పైపు చివరలను ఆకురాయితో సరిచేసి, దీపం ముందు పట్టి చూస్తే వెలుతురు రానంత దగ్గరగా కూర్చోబెట్టండి. ఇక్కడ ఖర్చు చేసిన పావుగంట వృథా పోదు.

మెలిక పడిన ఫ్రేమును పారేయకండి. ఏ వైపుకు లాగిందో దానికి సరిగ్గా ఎదురు ముఖం మీద చిన్న గీత వెల్డింగ్ వేసి చల్లారనివ్వండి. అది తిరిగి తన వైపు లాక్కుంటుంది. తర్వాత ఆ గీతను అరగదీసేయవచ్చు.

ప్రశ్న: 50 మిల్లీమీటర్ల వెడల్పు, 6 మిల్లీమీటర్ల మందం ఉన్న పట్టీలతో అలమార బద్దలు వేశాను. సామాను పెట్టగానే కిందికి కుంగాయి. ఇంకా మందం పట్టీ వేయాలా?
— ఒక గృహిణి

జవాబు: అదే పట్టీని నిలువుగా నిలబెట్టండి. వంగకుండా ఆపే శక్తి ఎత్తు ఘనంతో పెరుగుతుంది. మీ పట్టీ బల్లపరుపుగా ఉన్నప్పటికంటే అంచు మీద నిలబడితే సుమారు 69 రెట్లు బిగువుగా ఉంటుంది. కొత్త ఇనుము అక్కర్లేదు. పక్కకు ఒరిగిపోకుండా మధ్యలో ఒక అడ్డ ముక్క అతికించండి.

ప్రశ్న: పాత మోటారుతో బెల్టు గ్రైండరు చేయాలని ఉంది. చక్రం ఎంత ఉండాలి, ఏ బేరింగులు వాడాలి?
— ఒక కంప్యూటర్ ఉద్యోగి

జవాబు: మోటారు మీది పలకను తుడిచి చదవండి. 1,440 చుట్లు అని ఉంటే 50 హెర్ట్జ్ కరెంటు మీద నిమిషానికి అంత తిరిగే ఇండక్షన్ మోటారు, ఈ పనికి అనువైనది. కార్బన్ బ్రష్షులు ఉన్న వాషింగ్ మిషను మోటారు అయితే వేగం అదుపు చేసే సర్క్యూటు లేకుండా వాడకండి. బరువు లేకుండా వదిలితే దాని వేగం హద్దు లేకుండా పెరుగుతుంది.

100 మిల్లీమీటర్ల చక్రాన్ని 1,440 చుట్ల మోటారుకు బిగిస్తే బెల్టు సెకనుకు 7.5 మీటర్లు పోతుంది. కత్తులు, ఉలులు సాన పట్టడానికి అది చాలు, మొన త్వరగా కాలదు. ఇనుము అరగదీయాలంటే 150 మిల్లీమీటర్ల చక్రం వేయండి, 11 మీటర్లు దాటుతుంది. ఇంకా కావాలంటే 2,880 చుట్ల మోటారు చూసుకోవాలి. బెల్టు పక్కకు జారకుండా ఉండాలంటే బెల్టు రెండో కొసన తిరిగే పై చక్రం మధ్యలో మిల్లీమీటరు మేర ఉబ్బుగా ఉండాలి. బెల్టు ఎప్పుడూ ఎత్తు వైపుకే ఎక్కుతుంది కాబట్టి నడిమధ్యన నిలుస్తుంది.

బేరింగు మీది అంకెలు చదవడం నేర్చుకుంటే తుక్కు కుప్ప సగం అర్థమవుతుంది. చివరి రెండంకెల్ని 5తో గుణిస్తే లోపలి రంధ్రం. 6204కు 20 మిల్లీమీటర్లు, 6205కు 25. 04 కంటే తక్కువైతే లెక్క మారుతుంది, 6203కు 17, 6202కు 15. అంకెల వెనక 2ఆర్‌ఎస్ అని ఉంటే రెండు వైపులా రబ్బరు మూత. గ్రైండరు ధూళికి అదే కావాలి, లోహపు మూత ఉన్న జెడ్‌జెడ్ రకం ఇక్కడ ఎక్కువ కాలం నిలవదు. పాత బేరింగును వేలికి తొడిగి మెల్లగా తిప్పండి. ఒక్క చోట గరుకు తగిలినా పక్కన పెట్టేయండి.

చిన్న గ్రైండరు వాడే ప్రతి ఒక్కరికీ ఈ సందర్భంలోనే చెబుతున్నాను. కటింగ్ డిస్కు మీద రాసి ఉండే చుట్ల సంఖ్య ఆ డిస్కు హద్దు. 100 మిల్లీమీటర్ల డిస్కుకు అది సాధారణంగా 15,300 దాకా ఉంటుంది, 230 మిల్లీమీటర్ల దానికి 6,600 మాత్రమే. పెద్ద డిస్కు పట్టాలని చిన్న గ్రైండరు గార్డు తీసేయడం ప్రాణాలతో చెలగాటం.

ప్రశ్న: లెక్క వేస్తే ఇలా చేసుకోవడం కొనడం కంటే చవకా?
— ఒక పాఠకుడు

జవాబు: మీ గంటలకు వెల కడితే చవక కాదు. డిస్కులు, రాడ్లు, రంగు కూడా కలిపితే అసలే కాదు. నాకు మాత్రం ఒక వస్తువు విరిగినప్పుడు ఎక్కడ విరిగిందో, ఎందుకు విరిగిందో తెలియడం, అదే రోజు దాన్ని బాగుచేయగలగడం అన్నిటికంటే ఎక్కువ విలువైనవి.

ప్రశ్న: మా వారు ప్రతి వారం ఏదో ఒకటి తెస్తారు, ఏదీ బయటికి పోదు. షెడ్డు నిండి వసారాలోకి వచ్చింది. ఏం చెప్పమంటారు?
— ఒక పాఠకురాలు

జవాబు: మీ బాధ సబబైనదే, ఆయన ఇష్టం కూడా చెడ్డది కాదు. పాత మిషను మొత్తంగా ఉంచితే చోటు తింటుంది. తెచ్చిన రోజే విప్పి మోటారు, బేరింగులు, షాఫ్టు, మంచి బోల్టులు తీసుకుని మిగతాది వెనక్కి పంపేయమని అడగండి. బోల్టు తల మీద 8.8 అనో 10.9 అనో ఉన్నవి గట్టివి, అవి దాచుకోదగ్గవి. పొడుగు ముక్కలు గోడ వెంట నిలబెడితే చోటు మిగులుతుంది, కావలసింది కంటికి కనిపిస్తుంది. జానెడుకు తక్కువున్న ముక్కలకు ఒకే ఒక డబ్బా, అది నిండితే ఖాళీ చేయాల్సిందే.

ఒక్క విషయంలో మాత్రం మీరు రాజీ పడకండి. వెల్డింగ్ చేసే చోట కాగితాలు, రంపపు పొట్టు, నూనె గుడ్డలు ఉండకూడదు. రవ్వలు మీటర్ల దూరం ఎగిరి, మూలల్లో దూరి, చాలాసేపటికి రాజుకుంటాయి. చివరి అతుకు వేశాక కనీసం అరగంట ఆయన అక్కడే ఉండాలి. అవిసె నూనె తుడిచిన గుడ్డ కుప్పగా పడి ఉంటే నిప్పు తగలకుండానే అంటుకోగలదు. విప్పి ఆరబెట్టాలి, లేదా నీళ్లున్న మూత డబ్బాలో వేయాలి.

ప్రశ్న: షెడ్డులో చిన్న ట్రాలీ బండి చేస్తున్నాను. అయ్యాక తలుపులోంచి రాదని మా అన్నయ్య ఎగతాళి చేస్తున్నాడు.
— ఒక యువ పాఠకుడు

జవాబు: హెన్రీ ఫోర్డ్‌కూ అదే జరిగింది. తన మొదటి వాహనాన్ని ఆయన డెట్రాయిట్‌లో ఇంటి వెనక షెడ్డులో తీరిక వేళల్లో తయారు చేశారు. 1896 జూన్ 4న తెల్లవారుజామున బయటికి తీద్దామంటే తలుపు చాలలేదు, గొడ్డలితో ఇటుక గోడ పగలగొట్టారు. మీకు ఆ అవసరం రాదు. ఈ రోజే తలుపు వెడల్పు కొలిచి, అందులోంచి నాలుగు అంగుళాలు తీసేయండి. బండి అంతకంటే వెడల్పుగా ఉండక తప్పదంటే ఇరుసును విడిగా చేసి, బయట బోల్టులతో బిగించేలా రంధ్రాలు పెట్టుకోండి. రోడ్డు మీదికి తీసుకెళ్లే ఆలోచన ఉంటే కొలతలు, దీపాలు, రిజిస్ట్రేషన్ గురించి అధికారులను ఇనుము కోయకముందే అడగండి. మీ అన్నయ్యను రెండో కొస పట్టుకోవడానికి పిలవండి.

ప్రశ్న: మా నాన్నగారి వైస్, పట్టకార్లు తుప్పుపట్టి బిగుసుకుపోయాయి. ఆకురాయితో గీకితే ఆయన చెక్కిన అక్షరాలు పోతాయని భయం. వేరే దారి ఉందా?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు

జవాబు: ఉంది మాస్టారూ, మంచి దారే. ప్లాస్టిక్ తొట్టిలో నీళ్లు పోసి చాకలి సోడా కలపండి, లీటరుకు ఒక పెద్ద చెంచా. ఒక పనికిరాని ఇనుప పలకను తొట్టి గోడ వెంట నిలబెట్టి, పట్టకారును నీళ్ల మధ్యలో తీగతో వేలాడదీయండి. రెండూ తాకకూడదు. 12 వోల్టుల బ్యాటరీ చార్జరు నెగటివ్ తీగను పట్టకారుకు, పాజిటివ్‌ను పలకకు తగిలించండి. తారుమారైతే నాన్నగారి పట్టకారే కరుగుతుంది కాబట్టి స్విచ్ వేసే ముందు మరోసారి చూసుకోండి. పలకగా స్టెయిన్‌లెస్ స్టీలు వాడవద్దు, అందులోని క్రోమియం విషపూరితమై నీళ్లలో కలుస్తుంది. పట్టకారు ఒంటి నిండా సన్నని బుడగలు లేస్తాయి. అవి హైడ్రోజన్, మండుతాయి. అందుకే తొట్టి ఆరుబయట ఉండాలి, దగ్గర్లో నిప్పు ఉండకూడదు, తీగలు ముట్టుకునే ముందు చార్జరు ఆపేయాలి.

ఈ పద్ధతి మంచి ఇనుమును తినదు, తుప్పును మాత్రం వదులు చేస్తుంది. అక్షరాల అంచులు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి. మర్నాటికి తుప్పు నల్లటి మెత్తని పొరగా మారుతుంది, పాత టూత్ బ్రష్షుతో నీళ్ల కింద తోమితే ఊడిపోతుంది. వైస్‌ను మాత్రం ముందు విప్పాలి. మర మీద పలచని నూనె పోసి, రాత్రి వదిలి, మర్నాడు పిడిని కొంచెం ముందుకూ కొంచెం వెనక్కూ ఆడించండి. గట్టిగా ఒకే వైపుకు తిప్పితే పోత ఇనుము దవడ పగలవచ్చు. భాగాలను విడివిడిగా తొట్టిలో ముంచండి. బయటికి తీసిన ఇనుము చూస్తుండగానే మళ్లీ ఎరుపెక్కుతుంది, కాబట్టి వేడి నీళ్లతో కడిగి, గుడ్డతో తుడిచి, తడి పూర్తిగా ఆరిన వెంటనే నూనె పట్టించండి. మరకు గ్రీజు రాయండి. అక్షరాల గాడుల్లో తడి నిలుస్తుంది, అక్కడ సన్నని కుంచెతో నూనె అద్దండి.